సముద్రం లేని ఊళ్లో సీఫుడ్ సాండ్‌విచ్

సిద్దిపేటకు సముద్రం ఎంత దూరం? బాపట్ల వైపు వెళ్లినా, మచిలీపట్నం వైపు వెళ్లినా బస్సులో 300 కిలోమీటర్ల పైమాటే. అలాంటి ఊళ్లో, అదీ మే నెల ఎండల్లో, సీఫుడ్ సాండ్‌విచ్ ఇంట్లో చేసుకుందామంటే ఎవరికైనా నవ్వొస్తుంది. కానీ వేసవి సెలవులొచ్చాయంటే చాలా ఇళ్లలో జరిగే గొడవ ఇదే. పిల్లలు హైదరాబాద్ వెళ్లినప్పుడు ఏదో రెస్టారెంట్‌లో ఏదో ఒకటి తింటారు. ఆ రెస్టారెంట్ పేరు మరిచిపోతారు, ఏ వీధిలో ఉందో మరిచిపోతారు. రుచి మాత్రం మరిచిపోరు. ఇంటికొచ్చాక మొదలవుతుంది 'అలాంటిది చేసిపెట్టు' అనే పాట.

ఈ ఏడాది మా ఇంట్లో ఆ పాట అందుకున్నది మా అక్క కూతురు. ఇంటర్ పరీక్షలు అయ్యాయి. ఎంట్రన్సు కూడా అయింది. రిజల్ట్స్ వచ్చేదాకా పనేం లేదు. హాస్టల్లో రెండేళ్లు నీళ్ల పప్పు తిన్న పిల్ల. అడిగింది కాదంటే పాపం తగులుతుంది. తను అడిగిన వంటకం ఇదీ: వెన్నతో కాల్చిన పొడుగాటి బన్ను, అందులో కరకరలాడే చేప, చేప మీద పుల్లపుల్లగా తెల్లటి సాసు, సన్నగా తరిగిన క్యాబేజీ. మెనూలో పేరు సీఫుడ్ సాండ్‌విచ్. నలుగురం కలిసి వెళితే బిల్లు నాలుగంకెలకు తగ్గదు. పైగా రానూపోనూ 200 కిలోమీటర్లు. ఆ డబ్బుతో ఇంట్లో మూడు ఆదివారాలు పండగ చేసుకోవచ్చని మా అక్క లెక్క. ఆ లెక్కతో పేచీ లేదు. అసలు ప్రశ్న వేరు. ఆ సాండ్‌విచ్‌లో ఉన్నదేమిటి?

మొన్న హైదరాబాద్ పని మీద వెళ్లినప్పుడు అదే రెస్టారెంట్‌లో కూర్చుని వడ్డించే కుర్రాణ్ని అడిగాను, 'ఇందులో ఏం చేప వేస్తారు?' అని. దాచలేదు. 'బాసా సార్' అన్నాడు. బాసా అంటే మెకాంగ్ నది చేప. వియత్నాంలో చెరువుల్లో పెంచి, ముల్లు, తోలు తీసి, గడ్డకట్టించి దేశదేశాలకు పంపిస్తారు. ఈ జాతి చేపను మన ఆంధ్రప్రదేశ్ చెరువుల్లోనూ పెద్ద ఎత్తున పెంచుతున్నారు. ఎక్కడ పెరిగినా అది మంచినీటి చేపే. దానికి ఉప్పునీటితో పని లేదు. అంటే మా పిల్ల రెండు నెలలుగా కలవరిస్తున్న సీఫుడ్‌లో సముద్రం లేనే లేదన్నమాట!

ఇందులో మోసం ఉందని నేననను. వేసవిలో పరిస్థితే అలాంటిది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లతో సముద్రంలో చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ 61 రోజులు బోట్లను ఒడ్డునే కట్టేస్తారు. విశాఖపట్నంలోనైనా, కాకినాడలోనైనా, నిజాంపట్నంలోనైనా అదే పద్ధతి. పశ్చిమ తీరంలో నిషేధం జూన్ 1న మొదలై జూలై 31న ముగుస్తుంది. కాబట్టి మే నెలలో హైదరాబాద్‌కు వచ్చే సముద్రపు చేప అయితే పడమటి నుంచి రావాలి, లేదా మరబోట్లు కాని చిన్న పడవలు పట్టినదై ఉండాలి, కాదంటే ఐసు గోదాముల్లోంచి లేచి రావాలి. సరిగ్గా మన పిల్లలకు సెలవులున్న రోజుల్లోనే మన సముద్రానికీ సెలవులు.

బాసా చెడ్డ చేపని కూడా అనను. ముల్లుండదు, నీచు వాసన ఉండదు, ధర తక్కువ. హోటల్‌వాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? లేనిదల్లా రుచే. నోట్లో పెట్టుకుంటే తెల్లగా, మెత్తగా, చప్పగా ఉంటుంది. మనం మెచ్చుకునేదంతా పైనున్న కరకర, లోపలున్న సాసు, అంచున ఉన్న వెన్న. ఈ మూడూ మన పొయ్యి మీద కుదిరేవే. ఇక చేప విషయంలో సిద్దిపేట వాళ్లం హైదరాబాద్ వాళ్లకంటే ఒక మెట్టు పైనే ఉన్నాం.

ఆ మాటకొస్తే, ప్రపంచమంతా తెలిసిన చేప సాండ్‌విచ్ కూడా సముద్రపు ఒడ్డున పుట్టలేదు. అమెరికాలో ఒహాయో నది ఒడ్డున సిన్సినాటి అనే ఊరుంది. అక్కడ మెక్‌డొనాల్డ్స్ దుకాణం నడిపే లూ గ్రోయన్‌కు శుక్రవారం వచ్చిందంటే దిగులు. ఆ చుట్టుపక్కల ఎక్కువమంది క్యాథలిక్కులు. ఈస్టరుకు ముందు ఉపవాస దినాల్లో శుక్రవారాలు మాంసం ముట్టరు. బర్గర్లు అమ్ముడుపోవు. దాంతో 1962లో ఆయన చేప సాండ్‌విచ్ తయారుచేశాడు. కంపెనీ పెద్ద రే క్రాక్‌కు అది నచ్చలేదు. తన వంతుగా అనాస ముక్క పెట్టిన బర్గర్ ఒకటి తెచ్చాడు. రెండూ ఒకేరోజు పెట్టి చూస్తే అనాసపండు ఓడింది, చేప గెలిచింది. ఇప్పుడు లోకమంతా అమ్మే ఫిలే ఓ ఫిష్ అదే. సముద్రానికి దూరంగా ఉన్న ఊరివాడు తన ఊరి అవసరం కోసం చేసుకున్న వంటకం. ఇది చదివాక నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

కొర్రమట్ట ఉండగా...

సిద్దిపేట జిల్లాలో ఇప్పుడు నీళ్లకు కొదవ లేదు. కొన్నేళ్ల కిందటి దాకా మాట వేరు. ఎండాకాలం వస్తే చెరువులు పగిలిన పలకల్లా ఉండేవి. 2015లో మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీత మొదలైంది. మరుసటేడాది నుంచి ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదలడం మొదలుపెట్టింది. 2020 ఏప్రిల్‌లో చంద్లాపూర్ దగ్గర రంగనాయకసాగర్‌కు, మే నెలలో కొండపోచమ్మసాగర్‌కు గోదావరి నీళ్లొచ్చాయి. 2022లో 50 టీఎంసీల మల్లన్నసాగర్ ప్రారంభమైంది. ఇవన్నీ సాగునీటి కోసం కట్టినవే కానీ, నీళ్లున్నచోట చేప ఉంటుంది, చేప ఉన్నచోట వల ఉంటుంది. సాయంత్రం కోమటిచెరువు కట్ట మీద షికారుకెళ్లే వాళ్లకు ఈ సంగతి నేను చెప్పాల్సిన పని లేదు.

ఆ చేపల్లో ఎక్కువగా దొరికేవి రవ్వ, బొచ్చె. పులుసుకు వాటిని మించినవి లేవు. సాండ్‌విచ్‌కు మాత్రం పనికిరావు. కారణం ముల్లు. ఈ జాతుల్లో నడుమ ముల్లుతో పాటు కండ లోపల చీలిన వెంట్రుకల్లాంటి సన్నముళ్లుంటాయి. పులుసన్నం తినేటప్పుడు వేళ్లతో వెతుక్కుని ఏరుకుంటాం. బన్నును రెండు చేతులా పట్టుకుని కొరికేటప్పుడు వెతికేదెవరు? గొంతులో ముల్లు పడితే ఆదివారం కాస్తా ఆస్పత్రివారం అవుతుంది.

అందుకే కొర్రమీను. మా వైపు కొర్రమట్ట అంటాం. తెలంగాణ రాష్ట్ర చేప ఇదే. గాలి కూడా పీల్చుకోగల చేప కాబట్టి నీళ్లు అడుగంటినా బురదలో నెగ్గుకొస్తుంది. మార్కెట్‌లో టబ్బులో బెత్తెడు నీళ్లలో కూడా కొట్టుకుంటూ కనిపించేది అందుకే. నడుమ ముల్లు తీసేస్తే కండలో ఇక ముళ్ల బెడద ఉండదు. కండ గట్టిది, వేగితే విడిపోదు. ప్రాణంతో దొరుకుతుంది కాబట్టి 'తాజాదేనా?' అని మొప్ప ఎత్తి చూడాల్సిన పని లేదు. నలభై డిగ్రీలు దాటే ఎండల్లో ఇది చిన్న విషయం కాదు.

పొద్దున ఏడింటికే సమీకృత మార్కెట్‌కు వెళ్లాం, నేనూ మా మేనకోడలూ. చేపలమ్మే ఆమె ముందు రవ్వ చూపించింది.

'ఇది వద్దక్కా, కొర్రమట్ట కావాలె. ముల్లు లేకుంట కోసియ్యాలె.'

'పులుసుకా, ఫ్రైకా?'

'బన్నుల పెట్టుకోనికి' అంది మా పిల్ల.

ఆమె ఒక్క క్షణం మా ఇద్దరి మొహాలూ చూసింది. 'బన్నుల నా? గట్లనా... అయితే పెద్దది తీస్కపోండ్రి బిడ్డా. చిన్నదాన్ల ముల్లు తీస్తే మీకేం మిగుల్తది?' అంది.

నూటికి నూరుపాళ్లు నిజం. కిలో కొర్రమట్ట కొంటే తల, తోలు, ముల్లు, పేగులు పోను సగం కంటే తక్కువే చేతికొస్తుంది. ధర చూస్తే రవ్వకు రెండింతలకు తక్కువుండదు. కాబట్టి తలకాయ, ముల్లు అక్కడ వదిలేయకండి. అడిగి తెచ్చుకోండి. చింతపండు పులుసులో వేస్తే రాత్రికి అన్నంలోకి సరిపోతుంది. మా అమ్మ ఈ మొత్తం కార్యక్రమానికి ఒప్పుకున్నదే ఆ పులుసు కోసం. ఇంకో మాట. కొర్రమట్టకు జిగురెక్కువ. రాళ్ల ఉప్పు, పసుపు వేసి రుద్ది, రెండు మూడు నీళ్లు కడిగితే తప్ప పోదు. మార్కెట్ నుంచి ఇల్లు దూరమైతే ముక్కల సంచీని ఐసు మధ్య పెట్టి తెచ్చుకోవాలి.

తడి ఆరాలి

నాలుగు సాండ్‌విచ్‌లకు అర కిలో ముల్లు లేని కండ చాలు. వేలెడు వెడల్పు, అంతకు రెండింతల పొడవు ఉండేలా ముక్కలు కోయించండి. ఇక్కడి నుంచి మన చేప వేపుడు అలవాటును కాసేపు పక్కన పెట్టాలి. మనమేం చేస్తాం? ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి, నిమ్మరసం దండిగా పట్టించి గంటల తరబడి నానబెడతాం. వేపుడుకది బాగానే ఉంటుంది. కానీ ఉప్పు, పులుపు చేపలోని నీటిని బయటికి లాగుతాయి. పైన పొర ఉన్న ముక్కకు ఆ నీరే శత్రువు. నూనెలో వేయగానే ఆ నీరు ఆవిరై పొరను తోసేస్తుంది. అప్పుడు చేప ఒకచోట, పొర ఒకచోట.

అందుకని ఒక చెంచా కారం, అర చెంచా మిరియాల పొడి, చెంచాడు అల్లంవెల్లుల్లి ముద్ద, తగినంత ఉప్పు, చిటికెడు పసుపు. నిమ్మరసం ఇప్పుడొద్దు. ఫ్రిజ్‌లో 20 నిమిషాలు చాలు. బయటకు తీసి ఉతికిన నూలుగుడ్డ మీద పరిచి, పైనుంచి మరో గుడ్డతో అద్దాలి. మా పిల్ల ఈ పని పరీక్ష రాసినంత శ్రద్ధగా చేసింది.

తర్వాత మూడు పళ్లేలు. మొదటిదాంట్లో నాలుగు చెంచాల మైదా, రెండు చెంచాల బియ్యప్పిండి కలిపి ఉంచండి. రెండోదాంట్లో రెండు కోడిగుడ్లు గిలకొట్టి పెట్టండి. మూడోదాంట్లో బ్రెడ్ పొడి. దుకాణంలో కొన్నది అక్కర్లేదు. నిన్నటి బ్రెడ్ ఎండలో పెడితే సిద్దిపేట సూర్యుడు గంటలో గలగలలాడిస్తాడు. మిక్సీలో బరకగా తిప్పాలి. ముక్కను పిండిలో దొర్లించి దులపాలి, గుడ్డులో ముంచాలి, బ్రెడ్ పొడిలో వేసి అరచేత్తో గట్టిగా అద్దాలి. అన్నీ అయ్యాక పది నిమిషాలు మళ్లీ ఫ్రిజ్‌లో పెడితే పొర అతుక్కుపోతుంది. బియ్యప్పిండి ఎందుకంటారా? చెగోడీలు, జంతికలు చేసే ఇంట్లో ఆ ప్రశ్న అడగకూడదు.

నూనె వేడి సంగతి. ఒక బ్రెడ్ రవ్వ వేస్తే బుసబుస పొంగి వెంటనే పైకి తేలాలి. నల్లబడితే వేడి ఎక్కువైనట్టు, అడుగునే కూర్చుంటే చాలనట్టు. ఒక్కసారి నాలుగైదు ముక్కలకు మించి వేయకండి. వేస్తే నూనె చల్లారిపోతుంది, పొర నూనె తాగుతుంది. మూడు నుంచి నాలుగు నిమిషాల్లో బంగారు రంగు వస్తుంది. ఒక ముక్క విరిచి చూడండి. లోపల కండ తెల్లగా, పొరలు పొరలుగా విడివడితే ఉడికినట్టే. తీసిన ముక్కల్ని పేపరు మీద పడేయకండి. కింద ఆవిరి పట్టి మెత్తబడతాయి. జల్లెడ బోర్లించి దాని మీద ఆరబెట్టండి. నిమ్మకాయ పిండాల్సింది అప్పుడు.

వంటింట్లో వేసవి ఎలా ఉంటుందో పొయ్యి ముందు నిలబడేవాళ్లకే తెలుసు. ఫ్యాను వేస్తే మంట ఆరిపోతుంది, ఆపితే మనిషి ఆరిపోతారు. అందుకే మా ఇంట్లో ముందే ఒప్పందం జరిగింది. పదింటికల్లా పొయ్యి కట్టేయాలి, నూనె దగ్గర నిలబడేది బావగారు. ఆయన మొహమాటానికి ఒప్పుకున్నారు కానీ బాగానే వేయించారు. సెలవుల్లో పిల్లల కోరికలన్నీ తల్లి చెమట మీదే తీరాలన్న రూలు ఎక్కడా లేదు.

తెల్ల సాసు కథ

ఇక అసలైన చిక్కు సాసు దగ్గరే. రెస్టారెంట్‌లో ఆ తెల్లటి సాసుకు ఆధారం మయోనైజ్. పచ్చి గుడ్డు సొనలో నూనెను చుక్కచుక్కగా వేస్తూ గిలకొడితే రెండూ కలిసి వెన్నలా అవుతాయి. గుడ్డును ఉడికించరు. గుడ్డులో సాల్మొనెల్లా లాంటి క్రిమి ఉంటే అది అలాగే బతికి ఉంటుంది. మన ఎండల్లో బయట పెడితే వేగంగా పెరుగుతుంది. 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిన్న ఒక మహిళ మరణించారు, చాలామంది ఆస్పత్రి పాలయ్యారు. ఆ నెల 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్డు మయోనైజ్ తయారీని, నిల్వను, అమ్మకాన్ని ఏడాదిపాటు నిషేధించింది. అంతకు ముందు 2023లో కేరళ, తర్వాత 2025లో తమిళనాడు కూడా ఇలాంటి నిర్ణయమే తీసుకున్నాయి.

నిషేధం దుకాణాలకే కదా, ఇంట్లో చేసుకుంటే ఏమవుతుందని కొందరు అడుగుతారు. క్రిమికి ఇల్లూ హోటలూ తేడా తెలియదు. పసిపిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్లు కలిసి తినే ఇంట్లో నా సలహా ఒక్కటే. వేసవిలో పచ్చిగుడ్డు సాసు జోలికి వెళ్లొద్దు. సీసాల్లో దొరికే గుడ్డులేని రకాలున్నాయి. వాటిలో నాకు తీపే ఎక్కువగా తగులుతుంది.

దానికంటే మంచి దారి మన ఇంట్లోనే ఉంది. అర లీటరు గట్టి పెరుగును పల్చటి గుడ్డలో మూటగట్టి, గిన్నె మీద వేలాడదీసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. బయట కొక్కేనికి కట్టారంటే తెల్లారేసరికి ముట్టలేనంత పులుస్తుంది. నీరు కారిపోయాక మిగిలిన చిక్కటి ముద్దలో బాగా ఉడికించిన రెండు గుడ్ల పచ్చసొన చిదిమి కలపాలి. రెండు చెంచాల నూనె, ఉప్పు, కాసింత ఆవపొడి వేసి గిలకొడితే మయోనైజ్ తలపించే నునుపు వస్తుంది. గుడ్డు ఉడికింది కాబట్టి ఆ భయం లేదు.

రెస్టారెంట్ సాసులో పుల్లపుల్లగా తగిలేవి వెనిగర్‌లో ఊరిన దోసకాయ ముక్కలు. వాటి కోసం సూపర్ మార్కెట్లు తిరగాలా? మే నెల! ఇంటింటా మామిడికాయ ఉంది. పుల్లటి కాయ ఒకటి సన్నగా తురిమి, చేత్తో పిండి రసం తీసేసి, ఆ తురుమును సాసులో కలపండి. సన్నటి ఉల్లితరుగు, ఒక పచ్చిమిర్చి, గుప్పెడు కొత్తిమీర వేయండి. ఈ ఒక్క విషయంలో మన సాసు ఆ రెస్టారెంట్ సాసును ఓడించింది. ఇది నేనన్నది కాదు, మా మేనకోడలి తీర్పు.

సాసు కలుపుతుంటే మా అమ్మ వచ్చి నిలబడింది. 'చేపల్ల పెరుగా? ఒంటి మీద తెల్లమచ్చలొస్తయి, ఎవ్వల్ల మాట వినరా మీరు?' మన ఇళ్లలో తరతరాలుగా ఉన్న మాట ఇది. వైద్యులు చెప్పేదేమంటే బొల్లి మన రోగ నిరోధక వ్యవస్థే చర్మానికి రంగునిచ్చే కణాల్ని దెబ్బతీయడం వల్ల వస్తుంది, చేపను పెరుగుతో తింటే వస్తుందనడానికి ఆధారం లేదు. బెంగాలీలు పెరుగులో చేప వండుకునే తింటారు. అంత దూరం ఎందుకు, హైదరాబాద్ హోటళ్లలో అందరూ లొట్టలేసుకు తినే అపోలో ఫిష్‌లో కూడా పెరుగు వేస్తారు. ఇవన్నీ అమ్మకు చెప్పాను. విని, 'తినెటోళ్లు తినుండ్రి' అంది. ఆమె కోసం పెరుగు లేకుండా, ఉడికిన సొన, మామిడి తురుము, నూనె మాత్రమే కలిపి చిన్న గిన్నెలో విడిగా తీశాం. పెద్దవాళ్ల పట్టింపును వాదించి గెలవడం కంటే ఇంకో గిన్నె కడుక్కోవడం తేలిక. పాలు, పెరుగు పడనివాళ్లకూ ఆ గిన్నె పనికొస్తుంది.

బన్నుకు వెన్న ఎందుకు?

అమెరికాలో ఉన్న మన బంధువులు వేసవిలో ఈశాన్య తీరానికి వెళితే లాబ్‌స్టర్ రోల్ ఫొటోలు పంపుతుంటారు. మెయిన్ రాష్ట్రంలో ఆ పెద్ద రొయ్యలాంటి జీవి మాంసాన్ని చల్లగా మయోనైజ్‌తో కలిపి ఇస్తారు, కనెక్టికట్‌లో వేడిగా కరిగిన వెన్నతో ఇస్తారు. లోపలి సరుకు ఎలా ఉన్నా బన్నుకు వెన్న రాసి పెనం మీద కాల్చడం మామూలే. రుచి ఒక్కటే కాదు కారణం. కాలిన వెన్న పొర అడ్డు నిలబడి సాసులోని తడిని రొట్టెలోకి త్వరగా ఇంకనివ్వదు. కాల్చని బన్ను అయిదు నిమిషాల్లో గంజి పీల్చిన గుడ్డలా అవుతుంది.

మన బేకరీల్లో దొరికే బన్ను ఎక్కువగా తీపిది, టూటీ ఫ్రూటీలది అసలే వద్దు. పావ్‌భాజీ కోసం అమ్మే తీపిలేని పావ్ అడగండి. దొరక్కపోతే మామూలు మిల్క్ బ్రెడ్డే మేలు. లోపలి వైపు వెన్న రాసి, సన్న సెగ మీద గోధుమరంగు వచ్చేదాకా కాల్చాలి. లెట్యూస్ ఆకు కోసం వెతకొద్దు. క్యాబేజీని దారాల్లా తరిగి పది నిమిషాలు ఐసు నీళ్లలో వేసి, పిండి, తుడిచి వాడితే కరకరకు తక్కువేం ఉండదు. కీరా చక్రాలు మీ ఇష్టం.

పేర్చే వరుస కూడా ముఖ్యమే. కింద క్యాబేజీ, దాని మీద చేప, చేప మీద సాసు. నూనెలోంచి తీసిన చేపను రెండు నిమిషాలు ఆగనిచ్చి పెట్టాలి, లేకపోతే దాని ఆవిరికి అన్నీ వాడిపోతాయి. అన్నింటికంటే ముందు, తినేవాళ్లు కూర్చున్నాకే పేర్చాలి. మా పిల్ల ఫొటో తీస్తానని రెండు నిమిషాలు ఆపింది. ఆ రెండు నిమిషాలు బావగారి మొహం చూడాల్సింది.

చేప దొరకని రోజు రొయ్యలతో చేసుకోవచ్చు. మనకు దొరికే వనామీ రొయ్య చెరువుల్లో పెంచేదే కాబట్టి సముద్రంలో వేట ఆగినా దానికి సెలవు లేదు. తలతోకలు, వీపు మీది నల్లటి నరం తీసి, వెన్నలో వెల్లుల్లితో రెండు మూడు నిమిషాలు వేయిస్తే చాలు. గులాబీ రంగుకు తిరిగి వంకీలా వంగగానే దింపాలి. ఇంకా ఉంచితే రబ్బరు. దీనికి పిండి, గుడ్డు, బ్రెడ్ పొడి హంగామా లేదు, వంటింట్లో ఉండే సమయం సగానికి తగ్గుతుంది. నిజం చెప్పాలంటే మే నెలకు ఇదే నయం. కానీ మా పిల్ల అడిగింది చేప.

మిగిలితే? సాసు మూతపెట్టి ఫ్రిజ్‌లో మరుసటి రోజు దాకా ఉంచొచ్చు. పేర్చిన సాండ్‌విచ్ మాత్రం దాచేది కాదు. ఆహార భద్రత నిపుణుల లెక్కలో వండిన చేప గానీ గుడ్డు గానీ బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, వేడి 32 డిగ్రీలు దాటితే గంటే. మన వేసవి మధ్యాహ్నాలన్నీ ఆ గంట లెక్కలోకే వస్తాయి. కాబట్టి డబ్బాలో పెట్టి బస్సు ప్రయాణానికి ఇవ్వడం, ఊరి నుంచి వచ్చే చుట్టాల కోసం పొద్దున చేసి సాయంత్రానికి ఉంచడం లాంటివి వద్దు.

మా ఇంట్లో చేసినవి ఆరు. మిగిలినవి సున్నా. 'అచ్చం అట్లనే ఉందా?' అని అక్క కూతుర్ని అడిగింది. ఆ పిల్ల నమిలి మింగి, 'అట్ల లేదు. గా చేపకు రుచి లేకుండె, దీనికి ఉంది' అంది. మా అమ్మ సాండ్‌విచ్‌ను చేత్తో పట్టుకుని కొరకడం ఇష్టపడక, విప్పి, చేపను మామిడి సొనలో అద్దుకుని విడిగా తింది, బన్నును చాయ్‌లో ముంచుకుంది.

చేద్దామనుకునేవాళ్లకు ఒక్క హెచ్చరిక. జూన్ మొదటి పక్షం లోపలే మృగశిర కార్తె వస్తుంది. ఆ రోజు తెలంగాణలో చేప తినని ఇల్లు తక్కువ. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని వారి చేప ప్రసాదంలో మింగించేదీ కొర్రమీను పిల్లనే. ఆ ఉదయం మార్కెట్‌లో కొర్రమట్ట ధర అడిగితే గుండె గుభేలుమంటుంది, ముల్లు తీసి కోసిచ్చే తీరిక కూడా ఎవరికీ ఉండదు. సాండ్‌విచ్ పని ఏదైనా మే నెల ఆదివారాల్లోనే కానిచ్చేయండి. కార్తె రోజున మామూలుగా రవ్వ పులుసే పెట్టుకోండి.